కర్నూలు అంగళ్ళలో తెల్ల శనగలు: హమ్మస్‌కు ఏవి కొనాలి, ఎట్లా చేయాలి

హమ్మస్ అంటే ఉడికిన శనగల్ని నువ్వుల ముద్ద, నిమ్మరసంతో నున్నగా రుబ్బి చేసే అరబ్బు వంట. దాని కోసం శనగలు కొనబోతుంటే ముందు ఒక మాట. అంగట్లో ముందు వరుసలో పెట్టే లావుపాటి డాలర్ శనగల్ని వదిలేసి, చిన్న సైజు తెల్ల శనగలు అడగండి. ధర తక్కువ, ఉడకడం సులువు, రుచి ఎక్కువ. కర్నూలు వన్‌టౌన్ కిరాణా అంగళ్ళలో గోతాల్లోంచి తూచి ఇచ్చేవి, సూపర్‌మార్కెట్ ప్యాకెట్లు, టిన్నులు, వీటితోపాటు మన ఎర్ర శనగలు, శనగపప్పు, అన్నీ హమ్మస్‌కు ఎంతవరకు పనికొస్తాయన్నదే ఈ సమీక్ష.

ఈ వంట మనకు మరీ కొత్తదేమీ కాదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్‌కు పోయి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళలో కుబూస్ రొట్టె, హమ్మస్ ఎప్పటినుంచో తెలిసినవే. మండీ హోటళ్ళు వచ్చాక మిగతావాళ్ళకూ అలవాటైంది. హోటల్లో తిన్నంత నున్నగా ఇంట్లో ఎందుకు రాదన్నదే చాలామంది అడిగేది. ఎక్కువమంది తప్పు మిక్సీ మీద వేస్తారు. నిజానికి పాడయ్యేది అంతకుముందే, శనగల దగ్గర, నీళ్ళ దగ్గర.

తెల్ల శనగలు సైజును బట్టి అమ్ముతారు. హోల్‌సేల్‌లో 8 ఎంఎం, 9 ఎంఎం, 12 ఎంఎం అని చెప్తారు. చిల్లర అంగట్లో చిన్నవి, మీడియం, పెద్దవి అంటే చాలు. 12 ఎంఎం గింజ చోలేకు అందంగా ఉంటుంది, ప్లేటులో నిండుగా కనబడుతుంది. హమ్మస్‌కు మాత్రం అది లెక్కలోకి రాదు. లావు గింజ నడిమధ్యకు నీళ్ళు చేరేసరికి పైభాగం పేస్టయిపోతుంది, లోపల మాత్రం సున్నపు పలుకు మిగులుతుంది. ఆ పలుకును ఏ మిక్సీ నున్నగా చేయలేదు. నాలుక మీద ఇసుక తగిలినట్టు అనిపించేది అదే. 8, 9 ఎంఎం గింజ సమంగా నాని సమంగా ఉడుకుతుంది. మా లెక్కలో హమ్మస్‌కు మొదటి స్థానం దానిదే.

సైజు కంటే పెద్ద విషయం గింజ వయసు. నంద్యాల, ఉరవకొండ, జమ్మలమడుగు నల్లరేగడి నేలల్లో శనగ రబీ పంట. అక్టోబరు, నవంబరుల్లో విత్తుతారు, సంక్రాంతి దాటాక కోతలు మొదలవుతాయి. ఇక్కడ ఎక్కువగా పండేది జేజీ-11 వంటి దేశీ రకం, అంటే ఎర్ర శనగ. కాక్-2 లాంటి కాబూలీ రకాలు, అంటే తెల్ల శనగలు, కొంత తక్కువ. అందుకే అంగట్లో దొరికే తెల్ల శనగల్లో బయటి రాష్ట్రాల సరుకూ ఉంటుంది. ఎక్కడిదైనా సరే, ఒక ఎండాకాలమంతా రేకుల గోదాములో మగ్గిన గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు. వేడికీ తేమకూ గింజలోని ఫైటేట్ అనే పదార్థం విరిగి, దాంట్లో ఉన్న కాల్షియం, మెగ్నీషియం గింజ గోడల్లోని పెక్టిన్ అనే జిగురును పట్టుకుని బిగించేస్తాయి. ఇక అది కరగదు. అందుకే కొత్త సరుకు వచ్చే ఫిబ్రవరి, మార్చి తర్వాత కొంటే మేలు. లేత మీగడ రంగులో, పుచ్చు లేకుండా ఉన్నవి చూసి తీసుకోండి. గోధుమ రంగుకు తిరిగినవి పాతవని అనుమానించాల్సిందే.

కొత్త అంగడి అయితే ముందు పావుకిలో మాత్రమే తెచ్చి పరీక్ష చేయండి. 100 గ్రాములు తూచి రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచి మళ్ళీ తూచండి. 200 గ్రాములు, ఆ పైన ఉంటే మంచి సరుకు. 180 దగ్గరే ఆగిపోయి, అడుగున నానని గింజలు గట్టిగా తగులుతుంటే ఆ అంగట్లో ఇంకో కిలో కొనాల్సిన పని లేదు. ప్యాకెట్ సరుకుకు ఒక సౌకర్యం ఉంది. దాని మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది. కానీ అది పంట తేదీ కాదు, కాబట్టి ఈ పరీక్ష ప్యాకెట్‌కూ వర్తిస్తుంది.

టిన్ను శనగలు పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. 400 గ్రాముల టిన్నులో నీళ్ళు వంచేస్తే మిగిలేవి 240 గ్రాముల చిల్లర. 100 గ్రాముల ఎండు శనగలు ఉడికిస్తే వచ్చేది కూడా దాదాపు అంతే. ఇంటికి ఉన్నట్టుండి చుట్టాలొస్తే తప్ప దానికి పెట్టే డబ్బు దండగ అని మా అభిప్రాయం. పైగా అవి సలాడ్‌కు సరిపడా ఉడికినవి, హమ్మస్‌కు చాలవు. టిన్నువే వాడాల్సి వస్తే చిటికెడు వంటసోడా వేసి ఇంకో 15 నిమిషాలు ఉడకబెట్టాలి.

ఇక మన ఎర్ర శనగలు. పీచు కోసమే హమ్మస్ మొదలుపెట్టేవాళ్ళు వీటిని తీసిపారేయకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ఎండు శనగల్లో సుమారు 25 గ్రాముల పీచు ఉంది. అదే శనగ పొట్టు పోయి పప్పయ్యేసరికి 15 గ్రాములకు దిగుతుంది. అంటే పీచులో పెద్ద వాటా పొట్టుదే. ఎర్ర శనగలతో చేసిన హమ్మస్ గోధుమ రంగులో, కాస్త బరకగా, మట్టి వాసన కలిసిన రుచితో ఉంటుంది. జొన్నరొట్టెకు బాగా కుదురుతుంది. హోటల్ హమ్మస్ కావాలనుకునేవాళ్ళకు మాత్రం నచ్చదు. శనగపప్పుతో చేస్తే పని త్వరగా అయిపోతుంది, నున్నగానూ వస్తుంది, కానీ రుచి ఓళిగల్లో బెల్లం వేయని పూర్ణంలా చప్పగా ఉంటుంది. పుట్నాలతో చేయమని చెప్పేవాళ్ళున్నారు. అది పచ్చడి. పచ్చడిగా బాగుంటుంది.

పొట్టు సంగతి వచ్చింది కాబట్టి గట్టిగా చెప్పాలి. నున్నగా రావాలని ఉడికిన శనగల్ని ఒక్కొక్కటే నలిపి పొట్టు తీసేయమని చాలా వీడియోలు చెప్తాయి. గంట పని, పైగా కొన్నదాంట్లో విలువైనదాన్ని చెత్తబుట్టలో వేయడం. పొట్టు ఉంచుకునే నున్నగా చేయొచ్చు. దానికి కావాల్సింది మెత్తటి నీళ్ళు, అరచెంచా వంటసోడా.

నీళ్ళ విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కర్నూలు ఊర్లో కుళాయికి వచ్చే తుంగభద్ర నీళ్ళు ఫర్వాలేదు. కొత్త కాలనీల్లో, అనంతపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్ళే దిక్కు. పాత్ర అడుగున తెల్లటి పొర కట్టే ఆ నీళ్ళలోని కాల్షియం శనగ పొట్టులోని పెక్టిన్‌ను బిగిస్తుంది. అలాంటి నీళ్ళలో నానబెట్టి, అవే నీళ్ళతో ఉడికిస్తే పొట్టు కాగితం ముక్కల్లా విడిపోతుందే తప్ప కరగదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టర్ నీళ్ళో, క్యాన్ నీళ్ళో వాడండి. కడగడానికి ఏవైనా ఫర్వాలేదు. సోడా నీటిని క్షారం వైపు తిప్పి పెక్టిన్‌ను విడగొడుతుంది. అది ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా కొంత పోతుంది. అందుకే అరచెంచా దాటొద్దు. ఉప్పు వేస్తే శనగలు గట్టిపడతాయన్నది నిజం కాదు, నానబెట్టే నీళ్ళలో ఒక చెంచా ఉప్పు వేస్తే పొట్టు ఇంకా మెత్తబడుతుంది. గట్టిపరిచేది పులుపు. నిమ్మరసం, చింతపండు ఉడికేటప్పుడు దగ్గరికి రానీయకూడదు.

కొలతలు ఇవి. 250 గ్రాముల చిన్న శనగలు, లీటరు నీళ్ళలో 10 నుంచి 12 గంటలు నానాలి. ఏప్రిల్, మే నెలల్లో గిన్నె బయట పెడితే తెల్లారేసరికి నురగ కట్టి పులిసిన వాసన వస్తుంది, కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నానిన నీళ్ళు పారబోయాలి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కొంత ఆ నీళ్ళతోనే పోతాయి. కుక్కర్‌లో శనగలు, వాటి మీద రెండు అంగుళాల ఎత్తుకు కొత్త నీళ్ళు, సోడా వేయండి. అన్నీ కలిపి కుక్కర్ సగానికి మించకూడదు. ఇది తప్పనిసరి. శనగ నురగ, విడిపోయిన పొట్టు వెయిట్ కింది రంధ్రానికి అడ్డుపడితే ప్రమాదం. మూత పెట్టకుండానే ఒక పొంగు రానిచ్చి నురగ తీసేసి, తర్వాత మూత బిగించండి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 20 నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతటది పోనివ్వాలి. ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పలుకు తగలకుండా మొత్తం వేళ్ళకు పూసుకుపోవాలి. పలుకు తగిలితే ఇంకో 10 నిమిషాలు. కూరకు ఇది అతిగా ఉడకడమే, హమ్మస్‌కు ఇదే సరైన పాకం. నీళ్ళు వంచేస్తే 550 నుంచి 600 గ్రాములు వస్తాయి.

తహీనీ, అంటే నువ్వుల ముద్ద, డబ్బా కొంటే లేబుల్ మీద నువ్వులు తప్ప ఇంకేమీ లేనిది కొనండి. పైన నూనె తేలడం మామూలే, అడుగుదాకా కలిపి వాడాలి. ఇంట్లో చేసుకోవడం చవక: పొట్టు తీసిన తెల్ల నువ్వులు 150 గ్రాములు, సన్న సెగ మీద నాలుగైదు నిమిషాలు. రంగు మారకముందే దించాలి. చల్లారాక చిన్న జారులో వేసి, నిమిషానికోసారి ఆపి అంచులు గీకుతూ, రెండు మూడు చెంచాల నూనె పోస్తూ జారుడుగా అయ్యేదాకా తిప్పాలి. పొట్టుతో ఉన్న నువ్వులు వాడితే చేదు తప్పదు. వేరుశనగ ముద్ద వేసినా బాగానే ఉంటుంది కానీ శనగ రుచిని పూర్తిగా మింగేస్తుంది.

రుబ్బేటప్పుడు వరుస ముఖ్యం. నాలుగు చిన్న వెల్లుల్లి రెబ్బల్ని 60 మిల్లీలీటర్ల నిమ్మరసంలో, చెంచాంబావు ఉప్పుతో కలిపి నలగ్గొట్టి 10 నిమిషాలు వదిలేయండి. పులుపులో నలిగిన వెల్లుల్లికి ఆ పచ్చి ఘాటు రాదు. దీన్ని వడగట్టి తహీనీలో పోసి తిప్పితే ముద్ద ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పాడైందని పారేయకండి. ఐసు నీళ్ళు చెంచా చెంచాగా పోస్తుంటే తెల్లబడి మళ్ళీ వదులవుతుంది. అప్పుడు గోరువెచ్చటి శనగలు, అరచెంచా వేయించిన జీలకర్ర పొడి వేసి మూడు నాలుగు నిమిషాలు, మధ్యలో మోటారుకు విరామమిస్తూ తిప్పండి. మరీ పొగలు కక్కే శనగలు వేస్తే ఆవిరికి మిక్సీ మూత ఎగురుతుంది, మరీ చల్లటివి వేస్తే నున్నగా నలగవు. ఐసు నీళ్ళు మొత్తం 80 నుంచి 100 మిల్లీలీటర్లు పడతాయి. జారులో కొంచెం పల్చగా ఉన్నప్పుడే ఆపేయాలి, అరగంటలో గట్టిపడుతుంది. పైన ఆలివ్ నూనె లేకపోతే అనంతపురం గానుగ వేరుశనగ నూనె రెండు చెంచాలు పోయండి. వాసన వేరు, కానీ వెలితిగా అనిపించదు.

మొత్తం 850 గ్రాముల పైన వస్తుంది. ఉడికిన కాబూలీ శనగల్లో 100 గ్రాములకు 7, 8 గ్రాముల పీచు లెక్కన, ఈ హమ్మస్‌లో 100 గ్రాములకు దాదాపు 6 గ్రాములుంటుంది. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్ళకు 30 గ్రాముల పీచు కావాలి. నాలుగు పెద్ద చెంచాల హమ్మస్‌తో అందులో మూడున్నర గ్రాములు అందుతాయి. మైదా కుబూస్ బదులు జొన్నరొట్టె, క్యారెట్, కీరాతో తింటే ఇంకొంత చేరుతుంది. పీచు అలవాటు లేనివాళ్ళు మొదటి వారం రెండు చెంచాలతో ఆపి, నీళ్ళు బాగా తాగాలి. ఒకేసారి గిన్నెడు తింటే కడుపు బిగుస్తుంది. తహీనీలో నూనె ఉంది కాబట్టి ఇది తేలికపాటి తిండి అనుకోవద్దు.

మూత ఉన్న డబ్బాలో, తడి చెంచా తగలకుండా ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటుంది. మన ఎండలకు బల్ల మీద గంటకు మించి వదలొద్దు. ఎక్కువ కావాలంటే హమ్మస్ బదులు ఉడికిన శనగల్నే 300 గ్రాముల చొప్పున కవర్లలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మూడు నెలలు నిలుస్తాయి. కావాల్సినప్పుడు వేడినీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి, పై కొలతల్లో సగం తహీనీ, సగం నిమ్మరసంతో రుబ్బుకోవచ్చు.