ఎండ ముదిరేలోపు ఎంత దూరం: రోడ్ బైక్‌తో కొన్నేళ్ల అనుభవం

ఒడిశాలోని మా బరంపురంలో తెల్లారగట్ల సైకిల్ తొక్కేవాళ్లలో పోటీలకు వెళ్లేవాళ్లు దాదాపు లేరు. ఉద్యోగాలో, వ్యాపారాలో చేసుకుంటూ, షుగర్ వచ్చిందనో, పొట్ట పెరిగిందనో, ఊరికే సరదాకో మొదలుపెట్టినవాళ్లమే అందరం. అయినా ఒక ఏడాది తిరిగేసరికి అందరి నోటా ఒకటే ప్రశ్న: యావరేజ్ స్పీడు ఎంతొచ్చింది? గంటకు ఇరవై కిలోమీటర్లు దాటిందా? పాతిక నిలబడుతోందా? ఉన్న గేర్ సైకిల్ అమ్మేసి సన్న టైర్ల రోడ్ బైక్ కొనేది ఆ అంకె కోసమే. నేనూ అందుకే కొన్నాను. కొని కొన్నేళ్లయింది. చైన్లు మార్చాను, టైర్లు మార్చాను, సీటు మార్చాను. ఆ బండి గురించీ, అది ఇచ్చిన వేగం గురించీ ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది.

ముందు బండి సంగతి. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, వంపు హ్యాండిల్, షిమానో క్లారిస్ గేర్లు. ముందు 50, 34 పళ్ల చక్రాలు రెండు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఎనిమిది. రోడ్ బైకుల్లో ఇది కింది మెట్టు సెట్టే. కానీ గేరు పడటంలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కేబుల్ సాగినప్పుడు వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) దగ్గరున్న చిన్న బ్యారెల్ స్క్రూని కాస్త తిప్పితే చాలు, ఆ పని ఎవరైనా ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

మా మావయ్య ఒకసారి అడిగారు, "ఊరికే తిరిగొచ్చేదానికి అంత తొందరేట్రా? ఎవులైనా తరుముతున్నారేటి?" అని. నిజమే, గమ్యం అంటూ లేనివాడికి త్వరగా చేరాలన్న ఆత్రం ఎందుకు?

మా వైపు దీనికి జవాబు ఎండలో ఉంది. మే నెలలో ఇక్కడ ఐదుంపావుకల్లా పొద్దు పొడుస్తుంది. ఎనిమిది కాకముందే ఉక్కపోత పట్టుకుంటుంది. సముద్రం పక్కనే కదా, చెమట ఆరదు. ఆఫీసు ఉన్న రోజు ఏడుంబావుకో, ఏడున్నరకో ఇంటికి చేరాలి. చీకట్లో హైవే ఎక్కడం నాకిష్టం లేదు. అంటే చేతిలో ఉన్నది రెండు, రెండుంపావు గంటలు. గంటకు పదహారు కిలోమీటర్ల చొప్పున తొక్కితే గోపాల్‌పూర్ వెళ్లి, లైట్‌హౌస్ కింద ఓ టీ తాగి వెనక్కి రావచ్చు. అది వెళ్లిరావడం ముప్పై కిలోమీటర్ల పైన. గోపాల్‌పూర్ నాకు చాలా ఇష్టం. వానాకాలంలో ఆ దారి పక్క డొంకల్లో మొగలి పూస్తుంది, సైకిల్ మీద వెళ్లేవాడికే తెలుస్తుంది ఆ వాసన. కానీ ఎప్పుడూ గోపాల్‌పూరేనా?

ఇచ్ఛాపురం ఇక్కడికి దాదాపు పాతిక కిలోమీటర్లు. వెళ్లిరావడం యాభై. పదహారు చొప్పున అయితే మూడు గంటలు దాటుతుంది, ఆఫీసు రోజు కుదిరే పని కాదు. ఇరవై నాలుగు చొప్పున అయితే రెండు గంటల ఐదు నిమిషాలు. అదీ తేడా. గిరిసోల దాటి ఆంధ్రాలో అడుగుపెట్టి, బోర్డుల మీద ఒడియా అక్షరాలు పోయి తెలుగు అక్షరాలు కనిపించి, బాహుదా నది చూసి, వేడివేడి ఇడ్లీ ఒక ప్లేటు లాగించి, మళ్లీ ఇంటికొచ్చి స్నానం చేసి ఆఫీసుకి వెళ్లడం, నాలాంటి మామూలు మనిషి కూడా చేయగలడని ఈ బండి చూపించింది. ఇడ్లీకి ఆగిన రోజు పావుగంట లేటవుతుంది, అది వేరే సంగతి. ఆదివారాలైతే రుషికుల్య వంతెన దాటి, హుమ్మా ఉప్పు మడుల పక్కనుంచి రంభ దాకా, అక్కడ చిలికా ఒడ్డు దాకా వెళ్లొస్తాం.

అందుకే వేగాన్ని నేను చేరగల దూరంతో లెక్కేసుకుంటాను. ఎండ మనకిచ్చిన టైము మారదు. ఆ టైములో ఎన్ని ఊళ్లు పడతాయన్నది మాత్రం మన కాళ్ల చేతిలో ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది, ఎవరూ పైకి చెప్పరు గానీ. నలభై దాటాక డాక్టర్ దగ్గరికి వెళ్తే ప్రతి అంకే తప్పు దిశలోనే కదులుతుంది. బీపీ పెరుగుతుంది, చూపు తగ్గుతుంది. సైకిల్ మీద మాత్రం ఆ వయసులో కూడా అంకె మంచి వైపు కదులుతుంది. పోయినేడాది ఊపిరి అందక ఆగిపోయిన వంతెన మీద ఈ ఏడాది మాట్లాడుతూ ఎక్కేస్తాం. ఆ సంతోషం చిన్నది కాదు. "అంకెల పిచ్చి" అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇప్పుడు అసలు లెక్క. వేగం పెరిగేకొద్దీ గాలి ఎంత అడ్డు తగులుతుందో కొనేముందే తెలిస్తే చాలామంది డబ్బు మిగులుతుంది. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తట్టుకోవడానికి కాళ్లు పెట్టాల్సిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే ఇరవై నుంచి పాతికకు వెళ్లాలంటే గాలి కోసం పెట్టే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. పాతిక నుంచి ముప్పైకి ఇంకో డెబ్బై శాతం పైన. అంత చేస్తే దక్కేదెంత? ముప్పై కిలోమీటర్ల దారికి ఇరవై చొప్పున తొంభై నిమిషాలు, పాతిక చొప్పున డెబ్బై రెండు, ముప్పై చొప్పున అరవై. మొదటి ఐదుకి పద్దెనిమిది నిమిషాలు మిగిలితే, రెండో ఐదుకి పన్నెండే. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. నాలాంటివాళ్లకు ఇరవై నాలుగు, పాతిక దగ్గరే ఆగడం మంచిదని నేననేది ఈ లెక్క చూసే.

ఈ గాలి సంగతి చాంపియన్లకూ తప్పలేదు. ఒక గంటలో ఎంత దూరం తొక్కగలరన్న రికార్డు ఒకటుంది. 1893లో ఆన్రీ దెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు తొక్కాడు. ఈయనే తర్వాత 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టాడు. 1972లో ఎడ్డీ మెర్క్స్ మెక్సికో సిటీలో 49.431 తొక్కాడు. అంత ఎత్తున ఉన్న ఊరిని ఎంచుకున్నదే అక్కడ గాలి పల్చగా ఉంటుందని. 2022లో ఫిలిప్పో గన్నా 56.792 దాకా తీసుకెళ్లాడు. మధ్యలో 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఆయన వెనక్కి వాలి పడుకుని తొక్కే సైకిల్ మీద రికార్డు బద్దలుకొడితే, మరుసటి ఏడే అంతర్జాతీయ సమాఖ్య అలాంటి సైకిళ్లను పోటీల నుంచి తీసేసింది. మనిషి ఎలా కూర్చుంటే గాలికి ఎంత తక్కువ దొరుకుతాడన్నదే అసలు విషయం.

నా బండిలో ఎక్కువ తేడా తెచ్చింది కూడా అదే. వంపు హ్యాండిల్ పైభాగాన, బ్రేకుల మీద చేతులు పెట్టి మోచేతులు కాస్త వంచితే చాలు, అదే శ్రమకు వేగం పెరగడం హ్యాండిల్ మీది సైకిల్ కంప్యూటర్‌లోనే (వేగం, దూరం చూపించే చిన్న మీటరు) కనిపిస్తుంది. హ్యాండిల్ కింద వంపు పట్టుకుని ఎక్కువసేపు ఉండాలంటే నడుముకి బలం కావాలి. అది ఇంట్లో చాప మీద చేసే కసరత్తుతో వస్తుంది, సైకిల్ కొంటే రాదు.

గాలి దిశ కూడా చెప్పాలి. ఎండాకాలంలో మా తీరంలో దక్షిణపు గాలి గట్టిగా ఉంటుంది. ఇచ్ఛాపురం వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక గాలి. పోయింది వచ్చేస్తుందిలే అనుకుంటాం, రాదు. పాతిక కిలోమీటర్లు ఇరవై చొప్పున వెళ్లి ముప్పై చొప్పున వస్తే యావరేజ్ పాతిక కాదు, ఇరవై నాలుగే. ఎదురుగాలిలో గడిపే టైమే ఎక్కువ కాబట్టి. ఎదురుగాలి రోజున మనసు పాడుచేసుకోవద్దని కొత్తవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

ఎదురుగాలికి మందు తోడు. మా బావా, నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ వరసగా వెళ్తాం. ముందున్నవాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు. చెప్పినంత సులువు కాదిది. ముందు సైకిల్ వెనక చక్రానికీ నా ముందు చక్రానికీ మధ్య ఒక మూర జాగా ఉంటుంది. కళ్లు ఆ చక్రం మీద కాదు, బావ భుజాల మీద ఉండాలి. గుంత వస్తే ఆయన చెయ్యి కిందికి దించి వేలు చూపిస్తారు. గేదె అడ్డొస్తే "ఆగండ్రా" అని కేక. బ్రేకు గట్టిగా నొక్కకూడదు. కాళ్లు ఆపి, ఒక పక్కకి కొద్దిగా జరిగి గాలి తగలనిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలకొకసారి ముందువాడు కుడివైపు చూసుకుని, పక్కకి తొలగి చివరికి వెళ్తాడు. అలా తిరుగుతుంటే ఒక్కడు ఇరవై రెండు తొక్కగలిగిన గాలిలో నలుగురం ఇరవై ఆరు తొక్కుతాం. వేగంగా తొక్కాలన్న కోరికలో సగం ఇక్కడే పుడుతుందని నా నమ్మకం. ఆ వరసలోంచి జారిపోకూడదు, అంతే. నేను వెనకబడితే బావ ఆగుతారు. ఆయన్ని ఆపించకూడదన్నదే నా పట్టుదల.

టైర్ల దగ్గర నా అభిప్రాయం గట్టిది. బండితో వచ్చినవి 25 మిల్లీమీటర్లవి. వాటిని రాయిలా గాలి కొట్టి తొక్కాలనేవారు. 28కి మారి, గాలి ఎనభై పీఎస్ఐ దగ్గర ఉంచాను. నా బరువు డెబ్బై కిలోలు. గరుకు తారు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ శక్తిని అదురులో పోగొడుతుంది, కాస్త వెడల్పు టైరు ఆ అదురుని మింగేస్తుంది. వేగం తగ్గలేదు, చేతుల తిమ్మిరి తగ్గింది. టైరు మారిస్తే కంప్యూటర్‌లో చక్రం చుట్టుకొలత కూడా మార్చాలి. 25కి 2105 మిల్లీమీటర్లు, 28కి 2136. మార్చకపోతే ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది.

పంక్చర్లు హైవే అంచునే ఎక్కువ. పేలిపోయిన లారీ టైర్లలోంచి వచ్చే సన్న ఉక్కు తీగలు, వెంట్రుకంత ఉంటాయి. టైర్లో దిగితే పైకి కనపడవు. ట్యూబ్ మార్చాక టైరు లోపలంతా పాత గుడ్డతో నెమ్మదిగా తుడవండి. గుడ్డ ఎక్కడ తగులుకుంటే అక్కడ తీగ ఉన్నట్టు. కనుబొమ్మలు తీసే చిన్న పట్టకారుతో లాగేయాలి. నా సీటు కింద సంచిలో అదెప్పుడూ ఉంటుంది. వాల్వు ప్రెస్టా రకం కాబట్టి దారిలో మామూలు సైకిల్ షాపు పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

నచ్చనివి చెప్పాలంటే, బండితో వచ్చిన సీటు గంట దాటితే భరించలేం. సీటు వెడల్పు మన కూర్చునే ఎముకల కొలతకు సరిపోవాలి, మెత్తగా ఉంటే చాలదు. ప్యాడ్ ఉన్న షార్ట్స్ తప్పనిసరి. కొండల్లో ఉన్న తప్తపాని వైపు ఎక్కుడు రోడ్డుకి వెనక 28 పళ్లు చాలవు, మోకాళ్లు పట్టేస్తాయి. వరి కోతల రోజుల్లో ఊళ్లలో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. అది వాళ్ల ఏడాది కష్టం, అక్కడ దిగి నడిపించుకెళ్లాలి. యావరేజ్ పడిపోతుందని దాని మీదుగా తొక్కేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. బరంపురం బజారులో, బడి పిల్లలున్న చోట కూడా వేగం మాటే వద్దు. స్ట్రావా అనే సైక్లింగ్ యాప్‌లో ఊరి మధ్య సెగ్మెంట్లను (ఎవరు ఎంత వేగంగా దాటారో పోల్చే రోడ్డు ముక్కలు) నేను పట్టించుకోను.

వేగం పెరగాలని రోజూ గట్టిగా తొక్కడం పనిచేయదు. వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఒకటి రెండు రోజులు మాత్రం ఊపిరి ఎగదోసుకునేలా తొక్కాలి. పెడల్ నిమిషానికి ఎనభై, తొంభై సార్లు తిరిగేలా తేలిక గేరు వాడితే మోకాళ్లు నిలుస్తాయి. ఈ రెండూ పాటించాకే నాకు పాతిక అందింది.

బ్రెవేలు, అంటే ఇచ్చిన టైములోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, తొక్కేవాళ్ల లెక్క వేరు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై గంటలు ఇస్తారు. ర్యాంకులుండవు, టైములోపు వస్తే అందరూ సమానమే. అక్కడ కూడా వేగం విలువ తెలుస్తుంది. కాస్త వేగంగా తొక్కినవాడు మిగిల్చుకున్న టైములో దాబా మంచం మీద రెండు గంటలు పడుకుంటాడు, నెమ్మదైనవాడు నిద్ర లేకుండా తొక్కుతూనే ఉంటాడు.

కొనాలా అంటే, ఇప్పుడున్న సైకిల్ మీద పద్దెనిమిది చొప్పున రెండు గంటలు ఆగకుండా తొక్కగలిగితే కొనండి. అంతకుముందు కొంటే నడుము నొప్పి తప్ప ఏం మిగలదు. డబ్బు పరిమితంగా ఉంటే కార్బన్ ఫ్రేము మీద పెట్టకండి. మా దారులు చాలావరకు చదును, కిలో బరువు తగ్గితే తేడా తెలియదు. మంచి 28 టైర్లు, కొలతకు తగ్గ సీటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, వీటి మీద పెట్టండి. నేను వచ్చే చలికాలానికి వెనక 11-32 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) వేయించి తప్తపాని వెళ్దామనుకుంటున్నాను. చైన్ కూడా ఒకటి రెండు లింకులు పొడుగు కావాల్సి రావచ్చు, కాబట్టి రెండూ ఒకేసారి మార్పించండి.