నిచ్చెన చివరి మెట్టు మీద: గ్రాండ్ కేమన్‌లో స్టింగ్‌రేలూ నేనూ

"ఏమ్మా, నీళ్లు వెచ్చగానే ఉన్నాయి, దిగు" అని మామయ్యగారు కింద నుంచి పిలుస్తున్నారు. ఆయనకు డెబ్బై రెండేళ్లు. షార్ట్ వేసుకోవడం ఆయన జీవితంలో అది రెండోసారో మూడోసారో. చుట్టూ విప్పిన నల్ల గొడుగుల్లాంటివి తిరుగుతుంటే, నడుం లోతు నీళ్లలో నిలబడి, కోనేట్లో స్నానానికి దిగినంత ధీమాగా ఉన్నారు. నేను మాత్రం పడవ నిచ్చెన చివరి మెట్టు మీద రెండు చేతులతో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను. పైకెక్కడానికి సిగ్గు, కిందికి దిగడానికి భయం.

ఆ మెట్టు దాకా రావడానికే నాకు రెండు నెలలు పట్టింది. డిసెంబరు సెలవుల్లో మయామి నుంచి ఏడు రాత్రుల కరీబియన్ క్రూజ్ బుక్ చేశాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు. దారిలో గ్రాండ్ కేమన్ అనే ద్వీపం దగ్గర ఒక పగలు ఆగుతుంది. అక్కడ స్టింగ్‌రేలతో, అంటే తోకలో విషపు ముల్లుండే చదునైన పెద్ద చేపలతో, నీళ్లలో దిగొచ్చని మా అమ్మాయి ఎక్కడో వీడియో చూసింది. అప్పటి నుంచి ఇంట్లో అదే గోల.

నాకు ఈత రాదు. పైగా ఆ చేప పేరులోనే కుట్టడం ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో నీళ్లలో షూటింగ్ చేస్తుండగా స్టింగ్‌రే ముల్లు ఛాతీలో దిగి, టీవీలో జంతువుల షోలు చేసే స్టీవ్ ఇర్విన్ చనిపోయిన వార్త నాకు బాగా గుర్తు. మొసళ్లతో ఆడుకున్న మనిషికే అలా అయితే నాబోటిదాని గతేంటి? ఇంకా కొంచెం చదివితే టెన్షన్ తగ్గకపోగా పెరిగింది. కొన్ని క్రూజ్ కంపెనీల సొంత ద్వీపాల్లో దడి కట్టి పెంచే స్టింగ్‌రేలకు ముల్లు కత్తిరించి ఉంచుతారట. కేమన్‌లో అలా కాదు. అవి సముద్రంలో స్వేచ్ఛగా తిరిగేవి, ముల్లు ముల్లులాగే ఉంటుంది.

అయితే ఆ ముల్లు వేటకు కాదు, ఆత్మరక్షణకు. ఇసుకలో పడుకున్న చేపను తొక్కినప్పుడో, పోవడానికి దారి లేకుండా చుట్టుముట్టినప్పుడో తోకను కొరడాలా విసురుతుంది. ముల్లు అంచులకు రంపం పళ్లుంటాయి, పైన విషం ఉన్న పొర ఉంటుంది. కుడితే ఆ చోటును భరించగలిగినంత వేడి నీళ్లలో ఉంచి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఛాతీలోనో పొట్టలోనో దిగితే మాత్రం మనం లాగకూడదు. ఇవన్నీ చదివాక నా భయం పోలేదు కానీ, దేనికి భయపడాలో తెలిసింది. కాళ్ల కింద చూసుకోవాలి. తోక వైపు వెళ్లకూడదు. గుంపులో ఇరుక్కోకూడదు.

ఈ మూడోదే నేను పడవ ఎంచుకున్న తీరును మార్చింది. షిప్‌లో అమ్మే టూర్‌లో ఒక్కో పడవకు వంద మంది దాకా ఎక్కొచ్చన్నారు. దాని లాభం దానికుంది. పడవ ఆలస్యమైనా షిప్ మనకోసం ఆగుతుంది, సముద్రం బాగోక రద్దయితే డబ్బు అడగకుండానే వెనక్కి వస్తుంది. బయట స్థానికుల దగ్గర బుక్ చేసుకుంటే షిప్ ఆగదు, పరుగు మనదే. కానీ మాకు దొరికిన చిన్న పడవలో మొత్తం పద్దెనిమిది మందిమి. ధర షిప్ వాళ్లు చెప్పినదాంట్లో మూడింట రెండొంతులు. షిప్ ఆ ద్వీపం దగ్గర ఆగకపోతే డబ్బు తిరిగిస్తామని మెయిల్‌లో రాయించుకున్నాకే బుక్ చేశాం. శీతాకాలంలో వాయవ్యం నుంచి గాలులు లేస్తే అక్కడ దిగడం కుదరక షిప్ అలాగే సాగిపోయే రోజులూ ఉంటాయి. ఇంకో ప్రశ్న కూడా అడిగాను, మీరూ తప్పక అడగండి: వెళ్లేది ఇసుక దిబ్బకేనా? స్టింగ్‌రే సిటీ పేరుతో రెండు చోట్లున్నాయి. ఒకటి డైవర్ల కోసం, పన్నెండు అడుగుల లోతు. రెండోది ఇసుక దిబ్బ. అక్కడ పెద్దవాళ్లకు నడుం దాకా, కొన్నిచోట్ల ఛాతీ దాకా నీళ్లుంటాయి. ఈత రాని నాకు ఆ రెండో మాటే ప్రాణం.

షిప్ సంగతి రెండు ముక్కల్లో. కిటికీ లేని లోపలి గదులు తీసుకున్నాం, నిద్రపోవడానికి తప్ప గదిలో ఎవరుంటారని. సరిపోయాయి, కాకపోతే తెల్లారిందో లేదో తెలియక మామయ్యగారు రెండు రోజులు మూడింటికే లేచి కూర్చున్నారు. శాకాహారులైతే మొదటి రాత్రే భోజనాల హాల్లో హెడ్ వెయిటర్‌తో చెప్పి పెట్టుకోండి. మర్నాటి నుంచి మెనూలో లేని పప్పూ కూరా వచ్చాయి.

గ్రాండ్ కేమన్‌లో క్రూజ్ షిప్ నేరుగా ఒడ్డుకు రాదు. రాజధాని జార్జ్‌టౌన్ ఎదురుగా సముద్రంలోనే లంగరు వేస్తారు, అక్కడి నుంచి టెండర్లనే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. పెద్ద ఓడలకు రేవు కట్టాలా వద్దా అని 2025లో అక్కడ ప్రజాభిప్రాయం అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. ఆ ఊళ్లో నాలుగు షిప్పుల జనం ఒకేసారి దిగడం చూశాక వాళ్ల బాధ అర్థమైంది. టెండర్ క్యూలో మాకు ముప్పావుగంట పోయింది. షిప్ టూర్ తీసుకున్నవాళ్లను ముందు పంపిస్తారు, బయట బుక్ చేసుకున్నవాళ్లు టోకెన్ పట్టుకుని కూర్చోవాలి. అందుకే పొద్దున్నే మొదలయ్యే టూర్ వద్దు, కనీసం గంటన్నర వ్యవధి ఉంచుకోండి. ఇంకోటి, ద్వీపం టైమూ షిప్ టైమూ ఒకటే అనుకోవద్దు. అమెరికాలో జరుపుతారు కానీ, కేమన్‌లో వేసవికి గడియారం ముందుకు జరపరు. మీ చేతి వాచీ షిప్ టైమ్‌లోనే ఉంచండి. ఫోను తనంతట తాను మారిపోతుంది, దాన్ని నమ్మితే షిప్ మిమ్మల్ని వదిలేసి పోతుంది.

ఒడ్డున బోర్డు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు వ్యాన్ ఎక్కించాడు. బ్రిటన్ ఏలుబడిలోని ద్వీపం కాబట్టి బళ్లు ఎడమ పక్కనే నడుస్తాయి. అత్తయ్యగారికి అది చూసి ప్రాణం లేచొచ్చింది. వ్యాన్ దిగాక పడవ. నార్త్ సౌండ్ అనే విశాలమైన తేటనీటి మడుగు మీద అరగంట ప్రయాణం. బయటి సముద్రానికీ దీనికీ మధ్య పగడపు దిబ్బ గోడలా ఉండటంతో అలలు పెద్దగా ఉండవు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, కింద ఇసుక మీద మా పడవ నీడ మా వెంటే పరిగెడుతోంది.

దారిలో కెప్టెన్ ఆ చోటు కథ చెప్పాడు. వెనకటికి జాలర్లు వేట ముగించుకుని ఈ ప్రశాంతమైన నీళ్లలోకి వచ్చి, చేపలూ శంఖాలూ శుభ్రం చేసుకుని, మిగిలినదాన్ని అక్కడే పడేసేవారు. మోటారు చప్పుడైతే తిండి వచ్చినట్టేనని స్టింగ్‌రేలు నేర్చుకున్నాయి. 1980ల్లో డైవర్లు చేత్తో తినిపించడం మొదలుపెట్టారు, ఆ తర్వాత జనం. అంటే అవి మన మీదికి రావు, మన చేతిలోని స్క్విడ్ (మెత్తటి సముద్రజీవి) ముక్క కోసం వస్తాయి. ఈ మాట నాకు భలే ఊరటనిచ్చింది. పిల్లి కాళ్ల చుట్టూ తిరిగేది పాలకోసమే కదా.

పడవ ఆగింది. దూరం నుంచి నేను సముద్రపు నాచు అనుకున్న నల్లటి మచ్చలు కదిలాయి. నా కడుపులో కూడా ఏదో కదిలింది.

ఇక్కడే ఆ చిన్న పడవ విలువ తెలిసింది. గైడ్ అమ్మాయి ముందు అందరినీ కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడింది. చెప్పులూ నీటి బూట్లూ విప్పేయాలి. ఆ ప్రాంతంలో లోతు తక్కువ నీళ్లలో అవి నిషేధం, చేపలకు గీసుకుంటాయని. పాదం ఎత్తి వేయకూడదు, ఇసుకలో ఈడ్చుకుంటూ జరగాలి. దీన్ని స్టింగ్‌రే షఫుల్ అంటారు. ఈడ్చిన పాదం తగిలితే చేప పక్కకు జరుగుతుంది, ఎత్తి వేసిన పాదం కింద పడితే కుడుతుంది. అరవకూడదు, ఎగరకూడదు. తోక పట్టుకోకూడదు. చేపను నీళ్లలోంచి ఎత్తడం చట్టప్రకారం నేరం. ఇదంతా అయ్యాక, "ఎవరికి భయం?" అని అడిగింది. నేను చెయ్యెత్తాను. నాతోపాటు ఆరడుగుల ఆజానుబాహుడు ఒకాయన కూడా ఎత్తాడు. నాకు సగం ధైర్యం ఆయన్ను చూసే వచ్చింది.

"మీరిద్దరూ చివర్లో దిగండి. మెట్ల మీద ఎంతసేపైనా ఉండొచ్చు" అంది. అలా నిచ్చెన చివరి మెట్టు నాదైంది.

మోకాళ్ల దాకా కాళ్లు నీళ్లలో పెట్టుకుని చూస్తూ ఉన్నాను. తొందరపెట్టినవాళ్లు లేరు, మామయ్యగారు తప్ప. అయిదారు నిమిషాలు చూశాక ఒకటి అర్థమైంది: వాటికి ఒక దారి ఉంది, ఒక పద్ధతి ఉంది. ఊరికే ఎగబడటం లేదు. గైడ్ చేతి వైపు వస్తాయి, స్క్విడ్ లేకపోతే మళ్లిపోతాయి. రెక్కల అంచు తీగ మీద ఆరేసిన చీరలా అలలు అలలుగా ఆడుతుంది. మగవి చాటంత, ఆడవి అంతకు రెండింతలు. బాగా ఎదిగిన ఆడదాని వెడల్పు అయిదడుగుల దాకా ఉండొచ్చట. కళ్లు వీపు మీద, నోరు పొట్ట కింద. అంటే తినేదాన్ని చూడలేదు, వాసనతోనూ నీళ్లలోని సన్నటి విద్యుత్తును పసిగట్టీ వెతుక్కుంటుంది. నా కాళ్లకేసి రావడం లేదని కాదు, నా కాళ్లు దానికి లెక్కే కాదు.

దిగాను. గైడ్ మోచెయ్యి పట్టుకుని దిగాను, అది దాచను.

మొదటిది పిక్కలకు రాసుకుంటూ పోయినప్పుడు ఒక కేక వేశాను, తెలుగులోనే. రెండోదానికి ఊపిరి బిగబట్టాను. మూడోదాన్ని గైడ్ రెండు అరచేతుల మీదా నీళ్లలోనే తేలుస్తూ తెచ్చి, పొట్ట కింద చెయ్యి పెట్టమంది. పెట్టాను. ఎలా ఉందని మా అమ్మాయి అడిగితే నాకు వెంటనే వచ్చిన మాట ఇది: గ్రైండర్లో బాగా నలిగిన మినప్పిండిలో చెయ్యి పెట్టినట్టుంది. అంత మెత్తన, అంత జారుడు. వీపు వైపు కొంచెం గరుకు. ఒంటి మీది ఆ జిగురే దానికి రక్ష కాబట్టి గట్టిగా రుద్దకూడదు, ఉంగరాలు తీసేయాలి. మా అబ్బాయి స్క్విడ్ ముక్కను పిడికిట్లో, బొటనవేలు లోపలికి మడిచి పట్టుకుంటే, వాక్యూమ్ క్లీనర్ లాగినట్టు లాగేసుకుంది. వేలు బయట ఉంటే చిటుక్కున పట్టి పీలుస్తుంది. వాడి స్నేహితుడొకడికి ఎర్రటి మచ్చ పడింది, ఏడవలేదు, అందరికీ చూపించుకున్నాడు.

ముద్దు పెడితే ఏడేళ్లు అదృష్టమని అక్కడి గైడ్లందరూ చెప్పే పాట. మావారు పెట్టారు. నేను ఏడేళ్లు వదులుకున్నాను.

అంతా బాగుందా అంటే, లేదు. పది గంటలకల్లా మా పక్కన రెండు పెద్ద పడవలు ఆగాయి, మైకులో పాటలతో. దిబ్బ మీద సంతలా అయింది. ఒక పడవ గైడ్ ఫొటో కోసం స్టింగ్‌రేని సగం నీళ్లలోంచి పైకి లేపాడు, నియమం సంగతి మా గైడ్ అప్పుడే చెప్పి ఉంది కనుక పిల్లలే వేలెత్తి చూపించారు. జనం అరుస్తూ గెంతుతుంటే నా భయం మళ్లీ మొదలైంది. ఈసారి చేపల వల్ల కాదు. నేను ఆ పెద్ద పడవలోనే వచ్చి ఉంటే నిచ్చెన మీద నిలబడే వీలే ఉండేది కాదు, వెనక నలభై మంది ఉంటారు. భయమున్నవాళ్లు ఖర్చు ఇంకాస్త ఎక్కువైనా చిన్న పడవే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకో గుచ్చుకునే విషయం. ఈ చేపలు సహజంగా రాత్రి తిరుగుతాయి, ఒంటరిగా. 2013లో వచ్చిన పరిశోధన ఒకటి, ఇక్కడి స్టింగ్‌రేలు పగటి జీవులైపోయి, గుంపుగా ఇరుకు చోట బతుకుతున్నాయని తేల్చింది. మనం పెట్టే స్క్విడ్ కోసమే. అది తిరిగొచ్చాక చదివాను. ముందే చదివి ఉంటే వెళ్లేదాన్ని కాదా అంటే, పిల్లల ముందు ఆ మాట అనలేను. రెండో స్క్విడ్ ముక్క మాత్రం అడిగేదాన్ని కాదేమో.

అత్తయ్యగారు పడవ దిగనేలేదు. నీడలో కూర్చుని, పక్కనుంచి పోయేవాటిని పైనుంచి లెక్కపెట్టారు, పదిహేడు. మా అందరికన్నా ఆవిడే ఎక్కువ చూశారు. దిగాలనిపించనివాళ్లకు ఇదీ పూర్తి టికెట్‌కు తగిన పనే.

తిరుగుదారిలో స్టార్‌ఫిష్ పాయింట్ దగ్గర ఆపారు. మోకాలి లోతు నీళ్లు, పళ్లెమంత ఎర్రటి నక్షత్రచేపలు. నీళ్లలోంచి తీయొద్దు, చనిపోతాయి. పది నిమిషాలు చాలు. తర్వాత సెవెన్ మైల్ బీచ్‌లో గంటన్నర గడిపాం. పేరులో ఏడు మైళ్లు, నిజానికి అంత లేదు. ఇసుక మాత్రం మైదా పిండే. కుర్చీ అద్దె చూసి తువ్వాళ్ల మీదే కూర్చున్నాం.

డబ్బు దగ్గర జాగ్రత్త. కేమన్ డాలరు అమెరికా డాలరు కన్నా ఎక్కువ, ఒకటికి 1.20. ధర బోర్డు మీద ఏ డాలరో అడగకుండా మేం మూడు ఐస్‌క్రీములు కొని నాలిక కరుచుకున్నాం. అమెరికా నోట్లు అంతటా తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ల నాణేల్లో ఇస్తారు. టెండర్ క్యూలో నిలబడి మా అబ్బాయి ఆ చిల్లరంతా అరచేతిలో పరిచి వెతికాడు. పది సెంట్ల మీద తాబేలుంది, అయిదు సెంట్ల మీద రొయ్యుంది. "స్టింగ్‌రే లేదేంటమ్మా?" అని వాడి ఫిర్యాదు. మామయ్యగారు తాబేలు నాణెం తీసుకుని జేబులో వేసుకున్నారు.

"వచ్చేసారి ఆ లోతు చోటుకు వెళ్దామా?" అన్నారు నాతో.

నేను క్యూ ఎంత కదిలిందో చూస్తున్నట్టు నటించాను.