ఇటుకల గీత దగ్గర నలుగురు విజేతలు

అమెరికాలోని కార్ల రేసు ట్రాక్ ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే చూడాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. మే చివర్లో జరిగే 500 మైళ్ళ రేసు కోసమే అయితే సరే, లేకపోతే ఆ రోజుల్లో వెళ్ళకండి. గదుల అద్దెలు ఆకాశాన్నంటుతాయి. మేం సెప్టెంబరులో వెళ్ళాం, హాయిగా తిరిగాం.

మొదటి రాత్రి నగరం నడిబొడ్డున ఒక హోటల్లో దిగాం. గది బాగుంది, అల్పాహారం కూడా బాగుంది. ట్రాక్ వరకు తమ వాహనంలో దింపుతామని గది తీసుకునేటప్పుడు చెప్పారు. పొద్దున్నే అడిగితే అలాంటి ఏర్పాటే లేదన్నారు. పిల్లలతో ఉన్నవాళ్ళకు ఇది చిన్న ఇబ్బంది కాదు, అందుకే రాస్తున్నాను. మర్నాడు ట్రాక్‌ను ఆనుకునే ఉన్న స్పీడ్‌వే అనే చిన్న పట్టణానికి మారిపోయాం. గది ఇరుకే, కానీ నడిచి వెళ్ళొచ్చు. మళ్ళీ వెళితే నేరుగా అక్కడే దిగుతాను.

మ్యూజియం రెండున్నర మైళ్ళ ట్రాక్ లోపలే ఉంది. ట్రాక్ కింది సొరంగంలోంచి వెళ్ళాలి. మరమ్మతుల తర్వాత 2025 ఏప్రిల్‌లో మళ్ళీ తెరిచారు. ఇక్కడ సగం రోజైనా పెట్టుకోండి. 1911లో తొలి రేసు గెలిచిన రే హారన్ పసుపు రంగు కారు చూసి మావాడు కదలనే లేదు.

నేను మాత్రం ఈ రేసు విజేతల బోర్గ్-వార్నర్ ట్రోఫీ దగ్గర ఆగిపోయాను. వెండి మీద గెలిచినవాళ్ళందరి ముఖాలూ చెక్కి ఉంటాయి. నాలుగుసార్లు గెలిచినవాళ్ళు నలుగురే: ఎ.జె. ఫాయిట్, అల్ అన్సర్, రిక్ మియర్స్, హెలియో కాస్ట్రోనెవెస్. 1991లో మొదటి మలుపులో బయటి వైపు నుంచి మైకేల్ ఆండ్రెట్టిని దాటిన మియర్స్ ధైర్యానికి సాటి లేదు. 2021లో 46 ఏళ్ళ వయసులో నాలుగో గెలుపు సాధించి సంబరంగా కంచె ఎక్కిన కాస్ట్రోనెవెస్‌నూ మరవలేం.

అయినా నా మనసు అన్సర్‌దే. 1971లో తన 32వ పుట్టినరోజు నాడే గెలిచాడు. 1987 మేలో మాత్రం అతనికి నడపడానికి కారే లేదు. సాధనలో తమ డ్రైవర్ డానీ ఓంగైస్ గాయపడ్డాక పెన్‌స్కీ జట్టు అన్సర్‌ను పిలిచింది. పెన్సిల్వేనియాలో ఒక హోటల్లో ప్రదర్శనకు పెట్టిన మార్చ్ కంపెనీ కారును తెచ్చి సిద్ధం చేశారు. 20వ స్థానంలో మొదలుపెట్టి, 48 నిండడానికి ఐదు రోజుల ముందు నాలుగోసారి గెలిచాడు. అంతకన్నా పెద్ద వయసులో ఈ రేసు గెలిచినవారు లేరు. ఆ ట్రోఫీ మీద 1970 నాటి అన్సర్‌నూ 1987 నాటి అన్సర్‌నూ వెతికి చూడండి, మధ్యలో పదిహేడేళ్ళు.

మ్యూజియం ఒక్కటే చూసి వచ్చేయకండి. బస్సులో ట్రాక్ చుట్టూ తిప్పే యాత్రకూ టిక్కెట్టు తీసుకోండి. ముగింపు గీత దగ్గర దింపుతారు. అక్కడ మూడడుగుల వెడల్పున ఇటుకలు కనిపిస్తాయి. గెలిచినవాళ్ళు మోకరిల్లి ముద్దుపెట్టుకునేది వాటినే. చేత్తో తడిమాను. ఎండకు వేడెక్కి, గరుకుగా ఉన్నాయి. 1909లో ట్రాకంతా పరిచిన 32 లక్షల ఇటుకల గుర్తుగా ఈ గీత మిగిలింది. ముగింపు గీత ఉన్న నేరు దారిలో మిగిలిన ఇటుకల మీదా, ఈ గీత తప్ప, 1961 అక్టోబరులో తారు వేశారు. ఫాయిట్ తొలి గెలుపు ఆ ఏడాది మేలోనే. నలుగురిలో ఆ పాత ఇటుకల దారి మీద పరుగెత్తి గెలిచింది ఆయన ఒక్కడే.