పాత బెంజి కోసం స్టుట్‌గార్ట్ నుంచి డ్యూసెల్‌డార్ఫ్ దాకా

మ్యూనిక్‌లో స్థిరపడిన మా బావగారికి పాత బెంజి ఒకటి, అందులోనూ డబ్ల్యు123 తరగతి డీజిల్ బండి, కొనుక్కోవాలన్న కోరిక చాలా కాలంగా ఉంది. 1975 చివరి నుంచి 1986 జనవరి వరకు దాదాపు 27 లక్షల బండ్లు తయారైన తరగతి అది. ఒక తరం జర్మన్లకు టాక్సీ అంటే అదే. ఇన్ని తయారైన కారుకు ధర తేల్చడం సులువనిపిస్తుంది గాని నిజానికి అదే కష్టం. ఒకే సంవత్సరంలో ఒకే ఇంజిన్‌తో వచ్చిన రెండు బండ్లలో ఒకటి మరొకదానికి మూడింతల ధర పలకడం మామూలే. ఆ తేడాలో ఎక్కువ భాగం కారు అడుగున, నేల మీద వెల్లకిలా పడుకుంటే గాని కనబడని చోట దాగి ఉంటుంది. అందువల్ల ఈ ప్రయాణంలో మేము చూసిన ప్రతి చోటునూ నేను ఒకే ప్రశ్నతో తూచాను: ఇక్కడ కారు కింది భాగాన్ని చూడనిస్తారా, లేదా?

ఆ లెక్కన స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ బెంజ్ మ్యూజియానికి మార్కులు పడవు, కాని మొదట చూడవలసింది దాన్నే. 2006లో తెరిచిన ఆ భవనంలో లిఫ్టులో పై అంతస్తుకు వెళ్లి, చుట్టూ తిరిగే వాలుదారుల వెంట కిందికి దిగుతూ చూడాలి. మేము చరిత్ర కోసం కాక కొలతల కోసం చూశాము. తలుపుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు పైనుంచి కిందికి ఎంత సమానంగా ఉండాలి, రేకు మడతలు ఎంత పదునుగా ఉండాలి, రబ్బరు పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నవి ఇక్కడ కంటికి పట్టుబడితే బయట అమ్మకానికి ఉన్న బండిలో వంకర వెంటనే తెలిసిపోతుంది. 1955 నాటి 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉలెన్‌హౌట్ కూపేలు రెండింటిలో ఒకటి 2022 మే నెలలో ఈ మ్యూజియంలోనే 13.5 కోట్ల యూరోలకు వేలంలో అమ్ముడుపోయింది. ఆ అంకె తలకెక్కిన అమ్మకందారులు తమ పాత టాక్సీకి కూడా వారసత్వ సంపద అన్న పేరు తగిలిస్తున్నారు గనుక దాన్ని అక్కడే మరచి బయటికి రావడం మేలు. అదే నగరంలో ట్సుఫెన్‌హౌజెన్ పేటలోని పోర్షే మ్యూజియం చిన్నదే అయినా ప్రవేశద్వారం దగ్గర గాజు గోడ వెనుక పనిచేసే వర్క్‌షాపును చూడనిస్తుంది. కారు కోసం వెతికేవారికి పైనున్న ప్రదర్శన కన్నా అదే ఉపయోగం. సోమవారం రెండింటికీ సెలవు.

బస కోసం మేము స్టుట్‌గార్ట్ పక్కనున్న బోబ్లింగెన్ ఎంచుకున్నాము. 1938 వరకు ఆ ప్రాంతానికి విమానాశ్రయంగా ఉన్న స్థలంలో ఇప్పుడు మోటర్‌వర్ల్డ్ అనే పాత కార్ల కేంద్రం ఉంది. ప్రవేశ రుసుము లేదు. యజమానులు అద్దెకు తీసుకుని తమ కార్లను భద్రపరచుకునే గాజు గదులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, చుట్టూ డీలర్ల షోరూములు, మరమ్మతు సంస్థలు ఉంటాయి. అక్కడి వీ8 హోటల్‌లో కొన్ని గదులు పెట్రోలు బంకు, వర్క్‌షాపు వంటి ఇతివృత్తాలతో, కారునే మంచంగా మలచి అమర్చినవి. పిల్లలతో వచ్చేవారికి అవి సరదాగానే ఉంటాయి. రోజంతా పల్లెల్లో కార్లు చూసి వచ్చి పడుకునేవారికి సాదా గది చాలు. రాత్రి భోజనం తరువాత గాజు గదుల మధ్య తీరికగా నడవగలగడమే ఈ బసకు అసలు విలువ. ధరల విషయంలో మాత్రం ఇక్కడి షోరూములు మా అంచనాకు అందలేదు. అద్దె, అలంకారం, హామీ అన్నీ కలిసిన ధర అది.

స్టుట్‌గార్ట్ విమానాశ్రయం పక్కనే జరిగే రెట్రో క్లాసిక్స్ అనే పాత కార్ల ప్రదర్శన రోజుల్లో చుట్టుపక్కల హోటళ్ల ధరలు పెరుగుతాయి గనుక ఎస్-బాన్ లోకల్ రైలు వెళ్లే ఏ చిన్న ఊళ్లోనైనా ముందుగా గది పట్టుకోవడం మంచిది. ప్రదర్శన కొనే చోటు కాదని నా అభిప్రాయం. కార్లు తివాచీల మీద నిలిచి ఉంటాయి, వాటిని ఎత్తే ఏర్పాటు ఉండదు, నడిపి చూడడం కుదరదు, పక్కన మరో నలుగురు కొనేలా నిలబడి తొందరపెడుతుంటారు. అయితే విడిభాగాల అంగళ్లు, క్లబ్బుల బల్లలు మాత్రం టికెట్టు డబ్బుకు న్యాయం చేస్తాయి. డబ్ల్యు123 క్లబ్బు బల్ల దగ్గర ఒక పెద్దాయన చాక్‌పీసుతో బల్ల మీదే బొమ్మ గీసి, తుప్పు ఏ క్రమంలో పుడుతుందో మాకు చెప్పారు: కారును ఎత్తడానికి జాకీ పెట్టే నాలుగు పాయింట్లు, వాటి నుంచి తలుపుల కింది పెట్టె పట్టీ, ముందు మడ్‌గార్డుల వెనుక అంచు, బ్యాటరీ కింది రేకు, వెనుక అద్దం కింది మూలలు, డిక్కీలో స్టెప్నీ గుంట. ఆయన దృష్టిలో అడుగున కొత్తగా నల్లటి తారు పూత పూసిన కారు తుప్పు కనబడే కారు కన్నా అనుమానాస్పదమైనది. పారదర్శకమైన మైనం పూసినవాడు దాచడానికి ఏమీ లేనివాడు, తారు పూసినవాడు ఎందుకు పూశాడో అడగాలి అన్నారు.

ఈ దేశంలో పాత కారు స్థితిని 1 నుంచి 5 వరకు అంకెలతో చెబుతారు. 1 అంటే లోపం లేనిది, 2 అంటే మంచి స్థితిలో ఉన్నది, 3 అంటే వాడిన గుర్తులున్నా తిరగడానికి యోగ్యమైనది, 4 అరిగిపోయినది, 5 పూర్తిగా పునరుద్ధరించవలసినది. క్లాసిక్ డేటా వంటి సంస్థలు ప్రతి నమూనాకూ ఈ అంకెల వారీగా మార్కెట్ ధరలు ప్రకటిస్తాయి. చిక్కేమిటంటే ప్రకటనల్లో అందరూ తమ కారుకు 2 వేసుకుంటారు. మేము చూసిన వాటిలో అధికభాగం 3, కొన్ని 3కూ 4కూ మధ్యవి. అమ్మకందారు చూపే కాగితాన్ని కూడా చదివే పద్ధతి ఉంది. బీమా కోసం చేయించే సంక్షిప్త విలువ నిర్ధారణ పత్రంలో కారును లోతుగా పరీక్షించరు. దాన్ని చూపి బేరం చేయడం అన్యాయం. పైగా కాగితం మీది విలువ ఏ రకానిదో చూడాలి. ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకంలో పలికేది మార్కెట్ విలువ. అటువంటి కారును డీలరు దగ్గర మళ్లీ కొనాలంటే అయ్యేది అంతకన్నా ఎక్కువ. తుప్పు నుంచి మొదలుపెట్టి పూర్తిగా బాగుచేయడానికి అయ్యే ఖర్చు తరచుగా ఈ రెండింటినీ మించిపోతుంది. ఒకరు ఈ బాగుచేత ఖర్చు అంకెను చూపి, మార్కెట్ విలువ మాత్రమే పలికే కారును అమ్మబోయారు.

డ్యూసెల్‌డార్ఫ్‌లోని క్లాసిక్ రెమీజే మాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. పాత రైలింజన్ల అర్ధచంద్రాకారపు షెడ్డును 2006లో కార్ల కేంద్రంగా మార్చారు. ఇక్కడ కూడా గాజు గదులు, డీలర్లు, ఉచిత ప్రవేశం ఉన్నాయి. తేడా ఏమిటంటే పనిచేసే వర్క్‌షాపులు సందర్శకుల కళ్ల ముందే ఉంటాయి. లిఫ్టు మీదికి ఎత్తిన ఒక 280 ఎస్‌ఎల్ కింద పెట్టె పట్టీలు కోసి కొత్త రేకు అతికిస్తుండగా అరగంట నిలబడి చూశాము. ధర పట్టికలో అంకె 2 నుంచి 3కు ఎందుకు దిగుతుందో ఆ అరగంటలో అర్థమవుతుంది. మా బావగారు తెచ్చిన అయస్కాంతం ఆ తరగతి కారు బానెట్‌కు అంటుకోకపోయేసరికి ఆయన లప్పం పెట్టారని పొరబడబోయారు. పగోడా అని పిలిచే ఆ కార్లకు బానెట్, తలుపులు, డిక్కీ మూత అల్యూమినియంతో చేసేవారని మెకానిక్ చెప్పి నవ్వారు. ఊళ్లో బస గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది లేదు. ప్రధాన స్టేషను దగ్గరి మామూలు హోటల్ చాలు.

డీలర్ల సేవలో ఒక మెలిక తెలిసి ఉండాలి. వ్యాపారి వాడిన కారును సాధారణ వినియోగదారుకు అమ్మితే లోపాలకు చట్టప్రకారం బాధ్యత వహించాలి. వ్యక్తి అమ్మితే ఆ బాధ్యతను ఒప్పందంలో తొలగించుకోవచ్చు. అందుకే కొందరు డీలర్లు తమ షోరూములో నిలిపిన కారును యజమాని తరఫున అమ్ముతున్నట్టు ఒప్పందం రాస్తారు. ధర డీలరుది, బాధ్యత ఎవరిదీ కాదు. రైన్ నది పక్కన ఒక ఊళ్లో మేము చూసిన నీలం రంగు 240 డి, డబ్ల్యు123 తరగతిదే, ఇలా అమ్మకానికి పెట్టినదే. బయటికి చక్కగానే ఉంది. బానెట్ ఎత్తి, రేడియేటరు పైనున్న అడ్డపట్టీ మీది చిన్న పలక చూడగా రంగు సంఖ్య 623 అని ఉంది. అది లేత దంతపు రంగు, జర్మన్ టాక్సీల రంగు. రంగు మార్చడం నేరం కాదు, టాక్సీగా తిరగడమూ తప్పు కాదు. అయితే ప్రకటనలో వృద్ధ దంపతులు ఆదివారాలు మాత్రమే నడిపారని రాసి ఉంది. ఆ పలక గురించి అడగగానే కారును లిఫ్టు మీద పెట్టడానికి ఆ రోజు వీలుపడదన్నారు. మేము అక్కడి కాఫీ తాగి బయటపడ్డాము.

చివరకు మేము కుదుర్చుకున్నది ష్వేబిషె ఆల్బ్ కొండల్లో ఒక పల్లెలో, వ్యక్తి దగ్గర ఉన్న 1983 నాటి 300 డి. ఆ ప్రాంతానికి రైలు మీద ఆధారపడకుండా కారు అద్దెకు తీసుకోవడం మంచిది. పల్లె సత్రం గాస్ట్‌హోఫ్‌లో గది శుభ్రంగా, ధర నగరంలో కన్నా బాగా తక్కువగా ఉంది. అయితే ఇటువంటి చోట్ల వారంలో ఒకటి రెండు రోజులు వంటగది మూసేస్తారు, కార్డు అన్నిచోట్లా చెల్లదు, ఆదివారం దుకాణాలు తెరవరు. శాకాహారులు వెంట ఏదైనా ఉంచుకోవాలి.

కారు యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు. నడిపి చూసి ఆయన వాకిట్లో ఆపి తాళం చెవి తిప్పి బయటికి తీశాము. ఐదు సిలిండర్ల ఇంజిన్ ఏమీ జరగనట్టు తడబడకుండా తిరుగుతూనే ఉంది. ఆయన సిగ్గుపడుతూ బానెట్ ఎత్తి, ఇంజెక్షన్ పంపు దగ్గర స్టాప్ అని రాసి ఉన్న మీట నొక్కి ఆపారు. ఈ డీజిళ్లలో ఇంజిన్‌ను ఆపేది వాక్యూమ్, అంటే గొట్టాల్లోంచి గాలిని లాగే పీల్పు, తలుపుల తాళాలను నడిపేదీ అదే వాక్యూమ్. ఒక తలుపులో రబ్బరు పొర చిరిగినా ఇంజిన్ ఆగకపోవచ్చు. ఆయన దానికోసం ధర బాగానే తగ్గించడానికి సిద్ధపడ్డారు. నిజానికి అది కొద్ది ఖర్చుతో పోయే లోపం. కుడివైపు వెనుక జాకీ పాయింటు దగ్గర వేలికి మెత్తగా తగిలిన రేకు మాత్రం ఖరీదైనది, దాని సంగతి ఆయనకే తెలియదు. కొనేవారిని భయపెట్టే లోపాలూ ధరను నిజంగా తినేసే లోపాలూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకన్నా మంచి కారు దొరకదు.

కాగితాల దగ్గర ఆయన గెలిచారు. 2005 నుంచి ఇస్తున్న కొత్త యాజమాన్య పత్రంలో ఇద్దరి పేర్లకే చోటు ఉంటుంది. అంతకుముందు నాటి పాత పత్రం రద్దు ముద్రతో భద్రంగా ఉంటే తొలి యజమాని నుంచి వరుస తెలుస్తుంది. ఆయన దగ్గర అది ఉంది, రెండేళ్లకోసారి జరిగే ట్యూఫ్ అనే వాహన భద్రతా తనిఖీల నివేదికలు కిలోమీటర్ల అంకెలతో సహా ఉన్నాయి. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకు కారు గురికాలేదనడానికి ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే చెల్లే నంబరు ప్లేటు సాక్ష్యం.

అయినా సంతకానికి ముందు స్వతంత్ర నిపుణుడిని పిలిపించాము. కొన్ని వందల యూరోలైంది. ఈ ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నిటిలో ఇదే సార్థకమైనది. పక్క ఊరి గ్యారేజీలో లిఫ్టు మీద పెట్టి, రంగు మందం కొలిచే పరికరంతో ప్రతి రేకునూ తడిమారు. మామూలుగా ఒకటి రెండు వందల మైక్రాన్లు చూపే అంకె లప్పం ఉన్న చోట వెయ్యి దాటిపోతుంది. ఎడమ మడ్‌గార్డు అంచున ఒకచోట దాటింది. నిపుణుడు కారు స్థితికి ఇచ్చిన అంకె 3. యజమాని వాదించలేదు, జాకీ పాయింటు పని ఖర్చును ధరలోంచి తగ్గించారు, తాళాల లోపానికి మేము తగ్గింపు అడగలేదు.

ఇంటికి తేవడానికి ఐదు రోజులు చెల్లే తాత్కాలిక ప్లేటు సరిపోయింది. దానికి ముందుగా బీమా సంఖ్య, చెల్లుబాటులో ఉన్న ట్యూఫ్ తనిఖీ కావాలి. 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో, మంచి స్థితిలో ఉన్న కార్లకు 1997 నుంచి ఇస్తున్న హెచ్ (చారిత్రక వాహనం) ప్లేటు వస్తే ఏడాదికి పన్ను 191.73 యూరోలు, నగరాల్లోని కాలుష్య నియంత్రణ మండలాల్లోకి ప్రవేశం కూడా ఉంటుంది. అది లేకుండా, పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకం లేని మూడు లీటర్ల డీజిల్‌కు పన్ను వెయ్యి యూరోలు దాటుతుంది. హైదరాబాదు తీసుకువెళ్లాలని ఎవరైనా ఆశపడితే దిగుమతి సుంకం లెక్క వేరే ఉంది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన వాటికే, అదీ రోజువారీ వాడకానికి కాదు. స్టీరింగు ఏ వైపు ఉందో ఛాసిస్ నంబరే చెబుతుంది: అందులో మోడల్ సంఖ్య తరువాత వచ్చే 1 ఎడమ స్టీరింగుకు, 2 కుడి స్టీరింగుకు గుర్తు.

కొన్న వెంటనే మా బావగారు బీమా కోసం సంక్షిప్త విలువ నిర్ధారణ చేయించారు. జాకీ పాయింటు అతికించిన తరువాత, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు జతచేసి దాన్ని మళ్లీ రాయించాలని నిపుణుడు సూచించారు, ఎందుకంటే రంగు వేశాక ఆ రేకు కొత్తదో లప్పమో చూపించడానికి ఆ ఫొటోలు తప్ప మరేమీ ఉండవు.