హిడా ఫురుకావా, తకయామా: అనిమేలో చూసిన ఊళ్లలో బస, భోజనం, ప్రయాణం

జపాన్‌లోని గిఫు ప్రిఫెక్చర్ ఉత్తర భాగంలో, కొండల నడుమ ఉన్న హిడా ప్రాంతానికి అనిమే (జపాన్ యానిమేషన్) అభిమానులను రప్పించే ఊళ్లు ముఖ్యంగా రెండు. మకోతో షిన్‌కాయ్ దర్శకత్వంలో 2016లో వచ్చిన 'యువర్ నేమ్' చిత్రంలో, కథానాయకుడు టకీ తన కలల్లోని ఊరిని వెతుక్కుంటూ వచ్చి దిగే స్టేషన్ హిడా ఫురుకావా. క్యోటో యానిమేషన్ సంస్థ 2012లో నిర్మించిన 'హ్యోకా' ధారావాహికలోని కమియామా పట్టణానికి ఆధారం తకయామా. రెండింటికీ మధ్య రైల్లో పావుగంట దూరమే ఉండడం వల్ల చాలామంది తకయామాలో బస చేసి, ఫురుకావాను ఒక్క పూటలో చూసి వెళ్లిపోతారు. ఫురుకావాలో కనీసం ఒక రాత్రయినా ఉండకపోతే ఆ ఊరిని చూసినట్టు కాదని నా అభిప్రాయం.

నగోయాలో ఎక్కితే 'హిడా' ఎక్స్‌ప్రెస్ సుమారు రెండున్నర గంటల్లో తకయామా చేరుస్తుంది. గిఫు స్టేషన్‌లో రైలు దిశ మారుతుంది కనుక, అంతవరకు సీట్లు ప్రయాణానికి ఎదురు దిశలో ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారు తికమకపడనక్కరలేదు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ ఫురుకావా దాకా పోవు, తకయామా దాటాక స్థానిక రైళ్లు కూడా తక్కువే, కాబట్టి తిరుగు రైలు వేళలు ముందే రాసిపెట్టుకోవాలి.

ఫురుకావా స్టేషన్ పక్కన పట్టాల మీదుగా ఒక పాదచారుల వంతెన ఉంది. సినిమాలో రైలు స్టేషన్‌లో ఆగిన దృశ్యాన్ని మనకు చూపించింది ఆ కోణం నుంచే. అయితే తెరమీద కనిపించిన కీహా 85 రకం రైళ్లు 2023 మార్చిలో ఈ ఎక్స్‌ప్రెస్ సేవ నుంచి తప్పుకున్నాయి. ఇప్పుడు నడిచేవి డీజిల్‌తో విద్యుత్తు పుట్టించి, బ్యాటరీని కూడా వాడుకునే హెచ్‌సీ 85 రైళ్లు. పాత రైలు లేకపోయినా, ప్లాట్‌ఫారాలు, వెనక ఇళ్ల కప్పులు, వాటి వెనక కొండలు చిత్రంలో ఉన్న వరుసలోనే కనిపించడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఈ ఊళ్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది హిడా నగర గ్రంథాలయం. టకీ, అతని మిత్రులు పాత రికార్డులు తిరగేసే ఘట్టానికి ఇదే ఆధారం. ఫొటోలు తీసుకోవాలనుకునేవారు ముందుగా కౌంటర్ దగ్గర చెప్పాలి. చదువుకుంటున్నవారి ముఖాలు ఫొటోలో పడకూడదు. నియమాలు ఇంతే. అభిమానులు వస్తున్నారని తలుపులు మూయకుండా, అలాగని పాఠకుల ప్రశాంతతను వదులుకోకుండా, ఒక చిన్న ఊరి ప్రజాసంస్థ ఇంత మర్యాదగా మార్గం కనిపెట్టడం నిజంగా మెచ్చుకోదగినది. ఇలాంటి మర్యాద మనం చూపవలసిన మరో చోటు ఇక్కడికి దూరంగా టోక్యోలో ఉంది: 'యువర్ నేమ్' చివర్లో వచ్చే మెట్లు అక్కడి యొత్సుయాలో, సుగా ఆలయం దగ్గర ఉన్నాయి. ఆ ఎర్రని రెయిలింగ్ చూడగానే గుర్తుపడతాం, కానీ చుట్టూ ఉన్నవి జనం కాపురముండే ఇళ్లు. అక్కడ ఎవరి అనుమతీ అడగనక్కరలేదు గనుకే మన బాధ్యత మరింత పెరుగుతుంది: గొంతు తగ్గించి మాట్లాడుతూ, దారికి అడ్డం లేకుండా నిలబడి, త్వరగా కదలడం మంచిది.

గ్రంథాలయం నుంచి కొద్ది నడకలోనే సెతోగావా కాలువ వస్తుంది. ఒక పక్క తెల్లని గోడల గిడ్డంగులు, నీళ్లలో రంగురంగుల కోయ్ చేపలు. శీతాకాలంలో ఆ చేపలను చెరువుకు తరలిస్తారు కాబట్టి, వాటిని చూడాలనుకునేవారు ఏప్రిల్, నవంబరు నెలల మధ్య వెళ్లాలి. ఇక్కడి ఇళ్ల చూరు కింద, దూలాల కొసలను మోసే చెక్కలకు తెల్లరంగు వేసి మెలికల నగిషీ చెక్కి ఉంటుంది. వీటిని 'కుమో' అంటారు. ఒక్కొక్క వడ్రంగికి ఒక్కొక్క తీరు ఉండడంతో, ఇల్లు ఎవరు కట్టారో ఆ చెక్కడమే చెబుతుంది. తల పైకెత్తి నడిస్తే రెండు వీధులకే ఒక సాయంత్రం సరిపోతుంది. ఒక్క పూట యాత్రలో జారిపోయేది ఇదే.

బస విషయానికొస్తే, ఫురుకావాలో ర్యోకాన్‌లనే సంప్రదాయ వసతిగృహాలు కొన్ని ఉన్నాయి. చాపలు పరిచిన గది, నేలమీద పరుపు, నిర్ణీత వేళకు వడ్డించే రాత్రి భోజనం వీటి పద్ధతి. ఆలస్యంగా చేరితే భోజనం దక్కదు, ఖర్చూ ఎక్కువే. తకయామా స్టేషన్ చుట్టుపక్కల బిజినెస్ హోటళ్లలో గదులు చిన్నవైనా, వేళల బెడద లేదు, సామాను దాచుకోవడం సులువు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి తకయామాయే అనుకూలం.

తకయామాలో సాన్‌మాచి పాత వీధులు మధ్యాహ్నానికి యాత్రికులతో కిక్కిరిసిపోతాయి. 'హ్యోకా' అభిమానులకు కావలసినవి అక్కడికన్నా మియాగావా నది ఒడ్డునా, వంతెనల మీదా, హియే ఆలయంలోనూ ఎక్కువగా దొరుకుతాయి. ధారావాహిక చివరి భాగానికి ఆధారమైన సజీవ బొమ్మల ఊరేగింపు ఏటా ఏప్రిల్ 3న, తకయామాకు ఒక స్టేషన్ ముందున్న హిడా ఇచినొమియాలోని మినాషి ఆలయంలో జరుగుతుంది.

మనవాళ్లకు భోజనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హిడా ప్రాంతానికి పేరు తెచ్చినది గొడ్డుమాంసం. కూరగాయల పులుసులో కూడా ఎండు చేపల రసం కలవడం మామూలు. ఏవి తినరో గది బుక్ చేసుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలపండి, ఎందుకంటే ర్యోకాన్‌లలో వంట ముందే నిర్ణయమైపోతుంది. తకయామాలో బౌద్ధ మఠాల సంప్రదాయపు శాకాహార భోజనం దొరుకుతుంది, కాకపోతే ఖరీదైనది. వీధుల్లో సోయా సాస్‌లో ముంచి కాల్చే మితరాషి దాంగో, సినిమాలోనూ కనిపించే గొహే మోచీ, రెండూ బియ్యంతో చేసినవే. తకయామా దాంగో తీపిగా కాక ఉప్పగా ఉంటుంది, నాకు అదే ఎక్కువ నచ్చింది.

తకయామా వసంతోత్సవం ఏప్రిల్ 14, 15 తేదీల్లోనూ, ఫురుకావా ఉత్సవం 19, 20 తేదీల్లోనూ జరుగుతాయి. మన రథాల్లాంటి ఎత్తయిన వాహనాలు వీధుల్లోకి వచ్చే ఆ రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. ఉత్సవం కోసం కాక అనిమే స్థలాల కోసమే వెళ్లేవారు మే నెలను ఎంచుకుని, మొదటి వారంలోని జపాన్ సెలవులు ముగిశాక బయలుదేరడం మంచిది.