సర్కిల్ సరే, చీటీల పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ప్రైవేటు హైస్కూళ్లకు ‘పీర్ సపోర్ట్’ (మనసు బాగోలేని పిల్లలకు తోటి పిల్లలే అండగా ఉండటం) ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. అలాంటి ఒకదానిమీద ఈ రివ్యూ. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా, పిల్లకు ఏడాదికి 450 రూపాయలు. ఆ డబ్బుకు 16 మంది విద్యార్థి లీడర్లకు రెండు రోజుల శిక్షణ, పదిహేను రోజులకోసారి ఒక పీరియడ్ సర్కిల్ (గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం), గురువారం గురువారం వచ్చే కౌన్సెలర్, మనసులో మాట రాసి వేయడానికి గోడకు ఒక చీటీల పెట్టె.

మెచ్చుకోవాల్సింది లీడర్ల ఎంపిక. టీచర్లను అడిగితే ఫస్ట్ ర్యాంకు వాళ్లనే పంపిస్తారు. లెక్కల్లో 20 మార్కులొచ్చిన పిల్లాడు వాళ్ల దగ్గరికి ససేమిరా వెళ్లడు. ఇక్కడ ప్రతి సెక్షన్‌లో చీటీలు పంచి ఒకటే అడిగారు: ‘మనసు బాగోలేనప్పుడు క్లాసులో ఎవరితో చెప్పుకుంటావు? మూడు పేర్లు రాయి.’ ఎక్కువసార్లు వచ్చిన పేర్లలోంచి సెక్షన్‌కు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. వెనక బెంచీ పేర్లు బాగానే పడ్డాయి, ఎంపిక సరిగ్గా జరిగిందనడానికి అదే గుర్తు. లీడర్లకు బ్యాడ్జీలు మాత్రం ఇవ్వకుండా ఉండాల్సింది. బ్యాడ్జీ పెట్టగానే మానిటర్‌లా కనిపిస్తారు, వారం తిరగకుండా ‘సీఐడీ’ అని పేరు పడుతుంది.

శిక్షణ 12 గంటలు. సగం వినడం నేర్పడమే: మధ్యలో అడ్డుపడకుండా, ‘నాకూ అంతే’ అని సొంత గోడు ఎత్తకుండా, సలహా ఇవ్వకుండా. ఇది బాగా చేయించారు. లీడర్లు జేబులో పెట్టుకునే ప్రశ్నల కార్డు ఇంగ్లిష్‌లో, కన్నడలో ఉంది, తెలుగులో లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు సగం మంది ఉన్న బడిలో ఇది చిన్న లోపం కాదు. మన పిల్లలకు భయం, సిగ్గు, ఇంట్లో గొడవ, ప్రేమ వ్యవహారం అన్నీ ‘టెన్షన్’ అనే ఒక్క మాటలోనే వస్తాయి. ‘డిప్రెషన్ ఉందా’ అంటే లేదనేస్తారు. ‘ఏం టెన్షన్, చదువుదా, ఇంట్లోదా, మనుషులతోనా? నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా?’ అంటే నోరు విప్పుతారు. కార్డు మీద ఉండాల్సిన ప్రశ్నలు ఇవి.

ఇక పెట్టె. దాన్ని స్టాఫ్‌రూమ్ గోడకు, సరిగ్గా సీసీ కెమెరా కింద బిగించారు. అక్కడ చీటీ ఎవరు వేస్తారు? లైబ్రరీలో పుస్తకాలు తిరిగిచ్చే బల్ల పక్కకు మార్చాకే చీటీలు పడ్డాయి. అసలు తప్పు తాళంచెవిది. అది కౌన్సెలర్ దగ్గర మాత్రమే ఉంది, అంటే శుక్రవారం పొద్దున వేసిన చీటీ ఆరు రోజులు చీకట్లోనే. అందులో ‘బతకాలని లేదు’ అని రాసి ఉంటే? రెండో తాళంచెవి ఒక టీచర్ దగ్గరుండి, రోజూ ఆఖరి బెల్ తర్వాత పెట్టె తెరవాలి. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లకు ఈ రకం బాధ్యత ఇస్తారు. ఆ పద్ధతి ప్రైవేటు స్కూలూ తీసుకోవచ్చు.

పోస్టర్ మీద ‘ఇక్కడ చెప్పింది ఎవరికీ తెలియదు’ అని రాశారు. ఈ వాక్యం తీసేయాల్సిందే. ఎదుటి పిల్ల తనకు తాను హాని చేసుకుంటానన్నా, ఇంకొకరికి చేస్తానన్నా, ఎవరైనా తనను హింసిస్తున్నారన్నా లీడర్ ఆ మాట దాచకూడదు. లైంగిక వేధింపు అయితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే పడే శిక్ష నుంచి 21వ సెక్షన్ పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. కానీ టీచరుకీ, కౌన్సెలరుకీ లేదు. లీడర్‌కు నేర్పాల్సిన మాట ఒకటే: ‘ఇది మన ఇద్దరి వల్ల కాదు, మేడమ్ దగ్గరికి వెళ్దాం పద, నేనూ వస్తా.’ చెప్పి వదిలేయడం కాదు, వెంట నడవాలి. ఇలా పెద్దలకు అప్పగించడాన్ని శిక్షణలో నాటకంలా ఒక్కసారే ఆడించారు, కనీసం అయిదుసార్లు ఆడించాలి.

రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ఏడ్చే స్నేహితుణ్ణి 14 ఏళ్ల పిల్ల ఒంటరిగా మోయలేదు. లీడర్లకు ఫోన్ గ్రూపు పెట్టకపోవడం ఈ ప్యాకేజీ చేసిన మంచి పని. దానికి బదులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్దక్షరాల్లో అంటించారు. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. పక్కనే పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098 కూడా ఉండాల్సింది.

అయిదుకు మూడు మార్కులు. కోసిన రెండూ వారానికొక రోజు కౌన్సెలర్‌కే. విశాఖలో నీట్ చదువుతున్న అమ్మాయి మృతి కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వంద మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. గురువారం కౌన్సెలర్‌ను చూపించి ఆ పని అయిందనుకోకూడదు.

ఇంకొకటి. జనవరి వచ్చేసరికి టెన్త్ లీడర్లు పరీక్షల్లో మునిగిపోతారు, కొత్తవాళ్లకు శిక్షణ మళ్లీ జూన్‌లోనే. పిల్లలకు ఎక్కువ అవసరం పడేదేమో ఆ మధ్య నెలల్లోనే. నవంబర్‌లో ఎనిమిదో తరగతి వాళ్లకు ఇంకో శిక్షణ కావాలంటే వేరే ఫీజు అంటున్నారు. ఒప్పందం మీద సంతకం పెట్టే రోజే ఆ రెండో శిక్షణను కూడా అందులో రాయించుకోండి, తర్వాత అడిగితే వినరు.