ఇరాక్ ఆయుధాల వ్యవహారం: నిజం రాబట్టడంలో ఏది మేలు? పార్లమెంటు కమిటీయా, కోర్టా, న్యాయమూర్తి విచారణా?

ఆయుధాల ఎగుమతి లైసెన్సుల విషయంలో ప్రభుత్వం చెప్పింది ఒకటి, చేసింది మరొకటి అని అనుమానం వచ్చినప్పుడు దాన్ని ఎవరు తేల్చాలి? ఈ ప్రశ్నను ఊహల మీద కాక అనుభవం మీద చర్చించాలంటే 1990ల నాటి బ్రిటన్‌ను చూడాలి. ఇరాక్‌కు సాగిన ఎగుమతులను అక్కడ ముందు పార్లమెంటు కమిటీ, తర్వాత క్రిమినల్ కోర్టు, చివరికి సర్ రిచర్డ్ స్కాట్ అనే న్యాయమూర్తి పరిశీలించారు. ముగ్గురూ ఒకే ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. ముగ్గురికీ దొరికినవి మాత్రం వేరు.

ఇరాన్, ఇరాక్ యుద్ధం సాగుతుండగా బ్రిటన్ ప్రభుత్వం కొన్ని మార్గదర్శకాలు రూపొందించుకుని, 1985 అక్టోబరులో వాటిని పార్లమెంటుకు వెల్లడించింది. యుద్ధాన్ని పొడిగించేలా లేదా తీవ్రం చేసేలా ఇరుపక్షాల్లో ఎవరి సామర్థ్యాన్నైనా గణనీయంగా పెంచే రక్షణ సామగ్రికి కొత్త ఆర్డర్లు అనుమతించబోమన్నది వాటిలో కీలకమైనది. 1988 ఆగస్టులో కాల్పుల విరమణ జరిగింది. ఆ డిసెంబరులో విదేశాంగ, వాణిజ్య, రక్షణ శాఖల్లో రెండో వరుసలో ఉన్న ముగ్గురు మంత్రులు విలియం వాల్డెగ్రేవ్, అలన్ క్లార్క్, లార్డ్ ట్రెఫ్‌గార్న్ కూర్చుని ఈ నిబంధన మాటలను సడలించుకున్నారు. ఇరాక్ తన సొంత పట్టణం హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు ప్రయోగించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సడలింపు సంగతి పార్లమెంటుకు చెప్పలేదు సరికదా, విధానం మారలేదనే సభ్యులకు జవాబులు వెళ్లాయి.

పార్లమెంటు కమిటీ దగ్గర మొదలుపెడదాం. 1990 ఏప్రిల్‌లో టీస్‌పోర్ట్ రేవులో ఇరాక్‌కు వెళ్లబోతున్న భారీ ఉక్కు గొట్టాలను కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. పెట్రోకెమికల్ పరిశ్రమకని చెప్పిన ఆ గొట్టాలు నిజానికి ఒక మహా ఫిరంగి భాగాలు. దీన్ని విచారించిన కామన్స్ (పార్లమెంటు దిగువ సభ) వాణిజ్య, పరిశ్రమల కమిటీ 1992 మార్చిలో నివేదిక ఇచ్చింది. అందులో ప్రశ్నలు పదునుగానే ఉన్నాయి, జవాబులే కొరవడ్డాయి. అధికారులు మంత్రుల తరఫున మాత్రమే మాట్లాడాలన్నది అక్కడి సంప్రదాయం కాబట్టి, ఏ అధికారిని పంపాలో, ఆయన ఎంతవరకు మాట్లాడాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. విషయం తెలిసిన రక్షణ శాఖ అధికారులు ఇద్దరు అప్పటికే పదవీ విరమణ చేశారు. వారు కమిటీ ముందుకు వచ్చేందుకు ప్రభుత్వం సహకరించలేదు. కమిటీలో పాలకపక్షానిదే ఆధిక్యం కావడం మరో పరిమితి.

కోర్టు కథ దీనికి పూర్తిగా భిన్నం. ఆయుధ విడిభాగాల తయారీకి పనికొచ్చే లేత్ యంత్రాలను ఇరాక్‌కు అమ్మడానికి లైసెన్సు దరఖాస్తుల్లో అబద్ధాలు రాశారంటూ కవెంట్రీలోని మేట్రిక్స్ చర్చిల్ కంపెనీ డైరెక్టర్లు ముగ్గురి మీద కస్టమ్స్ శాఖ కేసు పెట్టింది. ఆ యంత్రాలు దేనికి వాడతారో ప్రభుత్వానికి ముందే తెలుసన్నది ముద్దాయిల వాదన. వారిలో ఒకరు గూఢచార సంస్థ ఎం.ఐ.6కు స్వయంగా సమాచారం అందిస్తూ వచ్చిన మనిషి కావడం ఈ కేసులోని విడ్డూరం. ఆ వాదన రుజువు చేయగల పత్రాలను బయటపెట్టడం ప్రజాప్రయోజనానికి భంగకరమంటూ నలుగురు మంత్రులు ధ్రువపత్రాలపై సంతకాలు చేశారు. అయినా న్యాయమూర్తి ఆ పత్రాలను తాను చదివి, చాలావాటిని ముద్దాయిల లాయర్లకు ఇప్పించారు. ఆ తర్వాత సాక్షిగా వచ్చిన అలన్ క్లార్క్, తాను వాస్తవాన్ని కాస్త పొదుపుగా వాడానని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నారు. 1992 నవంబరు 9న కేసు కుప్పకూలింది.

కమిటీ సాధించలేనిది ఒక గట్టి లాయరు, మొహమాటం లేని జడ్జి కొద్ది వారాల్లో సాధించారని మెచ్చుకోవాల్సిందే. కాని కోర్టుకు పట్టేది ముద్దాయి నేరం చేశాడా లేదా అన్న ఒక్క ప్రశ్నే; అది తేలగానే తలుపు మూసుకుంటుంది. పైగా అందరికీ అలాంటి అదృష్టం పట్టదు. ఆర్డ్‌టెక్ అనే మరో కంపెనీ వ్యవహారంలో ప్రభుత్వ పత్రాలు చేతికి రాక ముద్దాయిలు నేరం ఒప్పుకున్నారు. ఆ శిక్షలను అప్పీలు కోర్టు 1995లో గాని రద్దు చేయలేదు.

మేట్రిక్స్ చర్చిల్ కేసు కూలిన మరునాడే ప్రధాని జాన్ మేజర్ స్కాట్ విచారణను ప్రకటించారు. అది చట్టబద్ధమైన విచారణ కాదు. సాక్షులను నిర్బంధంగా రప్పించే అధికారం కాగితం మీద స్కాట్‌కు లేదు. ఆయన కోరితే ఆ అధికారం ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ మాటే కొరడాలా పనిచేసింది. కమిటీకి అందని పత్రాలు స్కాట్‌కు చేరాయి, మంత్రులూ అధికారులూ మాజీ ప్రధాని థాచర్ సహా వచ్చి బహిరంగంగా కూర్చుని జవాబులిచ్చారు. అయితే అక్కడ సాక్షులకు తమ లాయర్ల ద్వారా వాదించుకునే, ఇతర సాక్షులను ప్రశ్నించే అవకాశం లేదు. మాజీ విదేశాంగ మంత్రి లార్డ్ హౌ ఈ పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించారు. తన పేరే విచారణలో ఉన్నవారి ఆక్షేపణ కదా అని దీన్ని కొట్టిపారేయడం సులువు. కాని ఒక మనిషి పేరు చెడగొట్టగల ప్రక్రియలో ఆత్మరక్షణకు చోటు ఎంతన్నది న్యాయమైన ప్రశ్నే.

స్కాట్ విచారణకు అసలు దెబ్బ తగిలింది చివర్లో. 1996 ఫిబ్రవరి 15న 5 సంపుటాల్లో, 1,800కు పైగా పేజీల్లో నివేదిక వెలువడింది. ప్రభుత్వం దాన్ని ఎనిమిది రోజుల ముందే చేతిలో పెట్టుకుని జవాబులు సిద్ధం చేసుకోగా, ప్రతిపక్షం తరఫున మాట్లాడాల్సిన రాబిన్ కుక్‌కు చదువుకోవడానికి రెండు గంటలు ఇచ్చారు. ఆ రెండు గంటల్లోనే చదువుకుని ఆయన సభలో చేసిన ప్రసంగం గురించి ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు గాని, ఒకరి ప్రతిభ మీద ఆధారపడిన ఏర్పాటును ఏర్పాటు అనలేం. నివేదికలో తుది నిర్ధారణల సారాంశం లేదు. వాల్డెగ్రేవ్ లేఖలు పార్లమెంటు సభ్యులను తప్పుదోవ పట్టించేలా ఉన్నాయని ఒక చోటా, ఆయనకు మోసపుచ్చే ఉద్దేశం లేదని మరో చోటా రాశారు. ఎవరికి కావలసిన వాక్యం వారు ఏరుకున్నారు. ఫిబ్రవరి 26 నాటి ఓటింగులో ప్రభుత్వం 320–319తో, ఒకే ఒక్క ఓటుతో గట్టెక్కింది. మంత్రి ఒక్కరూ రాజీనామా చేయలేదు.

మన దగ్గర బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు మీద 1987లో వేసిన సంయుక్త పార్లమెంటరీ కమిటీని తలచుకుంటే, బ్రిటన్ కమిటీ బలహీనత అక్కడి సంప్రదాయాలకే పరిమితం కాదని తెలుస్తుంది. అది దిగుమతి వ్యవహారమే అయినా, సభలో ఆధిక్యం ఉన్నవారి పనిని వారి కమిటీయే పరిశీలించే ఇబ్బంది ఒకటే. అప్పటి లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత అతి పెద్ద పక్షం తెలుగుదేశం. ప్రధాన ప్రతిపక్షాలు ఆ కమిటీని బహిష్కరించాయి. దాంతో 1988లో వచ్చిన నివేదికకు విశ్వసనీయత లేకపోయింది.

అయినా కమిటీని తీసిపారేయలేం. న్యాయమూర్తి నివేదిక రాసి ఇంటికి వెళ్లిపోతారు, లైసెన్సులు మాత్రం ప్రతి వారం జారీ అవుతూనే ఉంటాయి. స్కాట్ ఎత్తిచూపిన లోపాల్లో ముఖ్యమైనది, యుద్ధకాలపు అత్యవసర అధికారంగా పుట్టిన 1939 నాటి చట్టంతోనే ఎగుమతుల నియంత్రణ సాగుతుండడం. దాని స్థానంలో కొత్త ఎగుమతి నియంత్రణ చట్టం రావడానికి 2002 దాకా పట్టింది. ఈలోగా 1997లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఎగుమతి లైసెన్సుల మీద వార్షిక నివేదికలు మొదలుపెట్టగా, వాటిని పరిశీలించడానికి 1999లో నాలుగు పార్లమెంటు కమిటీలు కలిసి కూర్చోవడం ప్రారంభించాయి. ఏటేటా లైసెన్సుల లెక్క అడగడం ఏ న్యాయమూర్తీ చేయలేని పని.

కాబట్టి జరిగిపోయినదాన్ని తవ్వితీయాలంటే న్యాయమూర్తి విచారణే మేలని, జరుగుతున్నదాని మీద కన్నేసి ఉంచాలంటే కమిటీ మేలని నేననుకుంటున్నాను. కోర్టును ఈ పనికి నమ్ముకోకూడదు. ముందు ఎవరో ఒకరు ముద్దాయి బోనులో నిలబడితే గాని అది మొదలుకాదు. న్యాయమూర్తి విచారణను ఎంచుకునేటప్పుడు మాత్రం నివేదిక విడుదల ఎవరి చేతిలో ఉంటుందో మొదటి రోజే అడగాలి. బ్రిటన్ 2005లో తెచ్చిన విచారణల చట్టం సాక్షులను రప్పించే అధికారాన్ని ఇచ్చింది గాని, విచారణను మధ్యలో ఆపే వీలునూ, కొంత సమాచారాన్ని దాచిపెట్టే అధికారాన్నీ మంత్రికి కట్టబెట్టింది. ఆ రెండు అధికారాలూ మంత్రి దగ్గర ఉన్నంతవరకు, ఏ శక్తీ లేని స్కాట్ విచారణే నాకు ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది.